ఇంజను ముచ్చట్లు: డాలరుకు ఎన్ని గుర్రాలు?

పోయిన సంచికలో ఒక మూలన నాలుగు ముక్కలు రాశాను. డాడ్జ్ చాలెంజర్ తయారీ 2023 డిసెంబరులో ఆగిపోయిందని, దాదాపు అప్పుడే షెవ్రొలే కామరో కూడా సెలవు తీసుకుందని, అమెరికా మజిల్ కార్లలో, అంటే అందుబాటు ధరలో పెద్ద ఇంజను పెట్టిన కార్లలో, ఆ మూడింటి కొట్లాటలో ఫోర్డ్ మస్టాంగ్ ఒక్కటే మిగిలిందని. అంతే, ఈ నెల ఉత్తరాల్లో ట్రాక్టర్లు, సెకండ్‌హ్యాండ్ స్విఫ్ట్‌లు వెనక్కి పోయి ఇవే ముందుకొచ్చాయి. హనుమకొండలో వీధికి పది ఇళ్ళ పిల్లలు అమెరికాలో ఉన్నప్పుడు ఆశ్చర్యమేముంది!

ఒక్క మాట ముందే చెప్పేస్తా. ఇక్కడి ఆర్‌ఈసీలో (ఇప్పటి ఎన్ఐటీ) మెకానికల్ చదివి, మిషిగన్‌లో కారు విడిభాగాల కంపెనీలో చాలాకాలం పనిచేసి వచ్చినవాణ్ణి. అక్కడ నాకు 2011 మస్టాంగ్ జీటీ, అంటే మస్టాంగ్‌లో ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజను రకం, ఉండేది. కాబట్టి నా మాటలకు కొంత ఫోర్డ్ వాసన తగిలితే సర్దుకోండి.

*

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సెకండ్‌హ్యాండ్‌లో మజిల్ కారు కొంటానంటున్నాడు. రూమ్మేట్లలో ఒకడు కామరో అంటాడు, ఇంకొకడు చాలెంజర్ అంటాడు, మావాడు మస్టాంగ్ దగ్గరే ఆగిపోయాడు. వీడియో కాల్ చేస్తే ‘తిన్నారా’ అనే మాట పోయి ఇదే పంచాయితీ. అసలు వీటి మధ్య పోటీ ఏంటి? ఏది కొంటే పెట్టిన డబ్బుకు విలువ?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, నయీంనగర్, హనుమకొండ

జవాబు: సార్, ఈ పంచాయితీ మీ ఇంట్లో పుట్టింది కాదు, అరవై ఏళ్ళ నాటిది. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్‌ను బయటపెట్టింది. మొదలు ధర 2,368 డాలర్లు. ఏడాది తిరిగేసరికి నాలుగు లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. ప్లిమత్ వాళ్ళ బారకూడా అంతకు రెండు వారాల ముందే వచ్చింది పాపం, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ 1964 మోడళ్ళ కోసమే జనరల్ మోటార్స్‌లోని పాంటియాక్ విభాగంలో ఒక తెలివైన దొంగపని జరిగింది. మధ్యరకం కారులో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజను పెట్టొద్దని కంపెనీ నియమం. అక్కడి ఇంజనీరు జాన్ డెలోరియన్ బృందం 389 అంగుళాల ఇంజను, అంటే మన లెక్కలో 6.4 లీటర్లది, తెచ్చి టెంపెస్ట్ అనే కారులో బిగించింది. కొత్త మోడల్ అంటే పైవాళ్ళు అడ్డుపడతారని, టెంపెస్ట్‌కు అదనపు ప్యాకేజీ అని కాగితాల్లో చూపించారు. ఆ ప్యాకేజీ మూడు వందల డాలర్ల లోపే. అదే జీటీఓ. 1966 సెప్టెంబరులో షెవ్రొలే కామరోతో మస్టాంగ్ మీదికి వచ్చింది. 1970 మోడల్‌గా డాడ్జ్ చాలెంజర్‌ను దింపింది.

వీటన్నిటి వెనక ఉన్న లెక్క ఒకటే: మామూలు జీతగాడు కొనగలిగే ధరలో ఎంత పెద్ద ఇంజను ఇవ్వగలం? డెట్రాయిట్ పక్కన వుడ్‌వర్డ్ అవెన్యూలో 1995 నుంచి ఏటా ఆగస్టులో పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. రోడ్డుకు రెండు వైపులా మడత కుర్చీలు వేసుకుని జనం కూర్చుంటారు. అక్కడ ఒక పెద్దాయన తన 1969 కామరో బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ మూత నట్టు వేళ్ళతో తిప్పి తీసి, కింద కార్బురేటర్‌ను నాకు చూపించాడు. మూత లోపలివైపు కూడా తళతళలాడుతోంది. ఏ ఉద్యోగం చేస్తూ కొన్నారని అడిగితే ఫ్యాక్టరీ లైను మీద తలుపులు బిగించేవాణ్ణన్నాడు. ఫెరారీ తలుపులు బిగించేవాడు ఫెరారీ కొనగలడా? మజిల్ కారుకు ఉన్న విలువంతా ఆ తేడాలోనే ఉంది.

ఈ లెక్క ఎంత పట్టుదలగా నడిచిందో 2009-10 నాటి ముచ్చట చూడండి. 2002లో ఆగిపోయిన కామరో 2010 మోడల్‌గా తిరిగొచ్చింది. అందులో వీ8 ఇంజను రకమైన కామరో ఎస్ఎస్‌కు 426 హార్స్‌పవర్, ధర సుమారు 31 వేల డాలర్లు. అప్పటికి మస్టాంగ్ జీటీకి ఉన్నది 315, ధర 28 వేలు. భాగించి చూడండి: కామరోలో ఒక్కో గుర్రం 73 డాలర్లు, మస్టాంగ్‌లో 89. ఫోర్డ్ మరుసటి ఏడాదే కొత్త 5.0 లీటర్ల ఇంజను పెట్టింది. 412 హార్స్‌పవర్, ధర సుమారు 30,500. గుర్రం 74 డాలర్లకు దిగింది! నేను కొన్నది అప్పుడే. ఎదుటివాడు లేకపోతే ఆ ఇంజను ఆ ధరకు నాకు దొరికేదే కాదు, అందుకు షెవ్రొలేకు రుణపడి ఉన్నాను.

ఇక మీవాడి సంగతి. రోజూ ఆఫీసుకు అదే కారైతే, 2015 తర్వాతి మస్టాంగ్ జీటీ చూడమనండి. అంతకు ముందు 2005 నుంచి 2014 దాకా వచ్చిన జీటీలకు వెనక చక్రాలు రెండూ ఒకే దిమ్మ ఇరుసు మీద ఉండేవి. 2015 నుంచి దేనికది విడిగా కదిలే సస్పెన్షన్ వచ్చింది, గతుకుల్లో తేడా నడుముకు తెలుస్తుంది. కామరో నడపడానికి బాగుంటుంది కానీ కిటికీలు సన్నగా ఉండి బయట సరిగా కనబడదు, డిక్కీ మరీ చిన్నది. మీరూ మేడమ్ గారూ ఆరు నెలలకని వెళ్ళి దిగుతారు కదా, రెండు పెద్ద సూట్‌కేసులు, సకినాల డబ్బా, చపాటా కారంతో కలిపిన ఆవకాయ... ఎయిర్‌పోర్టులో అవన్నీ చాలెంజర్‌లో మాత్రమే సుఖంగా పడతాయి. దాని డిక్కీ సుమారు 459 లీటర్లు, మస్టాంగ్‌ది 382, 2016 తర్వాతి కామరోది 258. వెనక సీట్లో మనిషి మనిషిలా కూర్చోగలిగేది కూడా చాలెంజర్‌లోనే.

బీమా మాత్రం కొనకముందే అడిగి రాయించుకోమనండి. పెళ్ళికాని కుర్రాడు, వీ8 ఇంజను అనగానే ప్రీమియం గుండె గుభేలుమనిపిస్తుంది. పైగా డాడ్జ్‌ల మీద దొంగల కన్ను. బీమా కంపెనీల పరిశోధన సంస్థ 2020-22 మోడళ్ళ లెక్క తీస్తే దొంగతనం క్లెయిములు అన్నిటికంటే ఎక్కువ పడ్డది చాలెంజర్ అన్న లాంటి డాడ్జ్ చార్జర్‌లో బాగా శక్తివంతమైన రకం, హెల్‌క్యాట్‌కే. సాల్వేజ్ టైటిల్ (బాగా దెబ్బతిని బీమా కంపెనీ పనికిరాదని తేల్చిన) బండి జోలికి పోవద్దు. వెనక టైర్లు రెండూ కొత్తవి, ముందువి అరిగినవి అయితే ఆ బండిని పొగలు లేపడానికే వాడారని అర్థం.

*

ప్రశ్న: సార్, కాగితం మీద కామరో ఎస్ఎస్‌కే పవర్ ఎక్కువ, టార్క్ ఎక్కువ. అయినా మస్టాంగ్ దానికి సమానంగా పరుగెత్తుతుంది. ఎలా? మా హాస్టల్లో దీని మీద తెల్లవార్లూ వాదనే.
— బీటెక్ విద్యార్థి, ఎన్ఐటీ, కాజీపేట

జవాబు: తమ్మీ, ఇంజనీరింగ్ చదువుతూ బరువు మర్చిపోతే ఎట్లా? 2011 జీటీ సుమారు 1,640 కిలోలు. అప్పటి కామరో ఎస్ఎస్ 1,750. 2010 నాటి చాలెంజర్ ఎస్ఆర్‌టీ8 దగ్గరదగ్గర 1,890. హార్స్‌పవర్ వరుసగా 412, 426, 425. టన్నుకు లెక్కేస్తే 251, 243, 225 వస్తాయి. అందుకే పావు మైలు పరుగులో మూడూ పదమూడు సెకన్ల అటూ ఇటూగా ఉండేవి. అంత దగ్గరి తేడాలో గెలిపించేది కారు కాదు, క్లచ్ మీద ఉన్న కాలు, టైరు వేడి, ఆ పూట వాతావరణం.

పోటీలో నాకు నచ్చే భాగం ఆ తర్వాత వచ్చింది. 2016 మోడల్‌కు జనరల్ మోటార్స్ కామరోను పూర్తిగా కొత్త చట్రం మీద కట్టింది. బరువు 1,670కి దిగింది, పవర్ 455కి ఎక్కింది. ట్రాక్ మీద మస్టాంగ్‌ను కొట్టింది, నేను ఫోర్డ్ మనిషినైనా ఒప్పుకుంటా. మరి జనం? 2019లో అమెరికాలో మస్టాంగ్‌లు 72 వేలు, చాలెంజర్‌లు 61 వేలు అమ్ముడుపోతే, కామరో 48 వేల దగ్గర మూడో స్థానంలో నిలిచింది. మూడింట్లోకీ బరువైనది, పాత చట్రం మీదే నెట్టుకొచ్చింది చాలెంజర్. అది రెండో స్థానంలో కూర్చుంది! స్టాప్‌వాచ్ గెలిపించిన కారును షోరూం ఓడించింది. ఇంజనీర్లు కాన్ఫరెన్స్ రూముల్లో జుట్టు పీక్కునే విషయం ఇది. కొనేవాడు ల్యాప్ టైము కొనడు, తను కూర్చుని చూస్తే బయట కనబడాలి, స్నేహితులు వెనక పట్టాలి, సెల్ఫీలో బాగుండాలి.

ఇంకో సరదా సంగతి, మీ హాస్టల్ వాదనకు పనికొస్తుంది. అమెరికా మజిల్ అని జెండాలు ఊపే ఈ మూడింటిలో చాలెంజర్ తయారైంది కెనడాలోని బ్రాంప్టన్‌లో. 2010 నాటి కామరో కూడా కెనడాలోనే, ఒషావాలో. అప్పట్లో మిషిగన్‌లో కట్టింది మస్టాంగ్ ఒక్కటే.

*

ప్రశ్న: మైలేజీ ఎంత ఇస్తుందన్నా?
— ఆటో డ్రైవర్, జనగామ

జవాబు: అన్నా, నువ్వు అడిగినంత సూటిగా ఎవరూ అడగలేదు. 2011 జీటీ మాన్యువల్‌కు అమెరికా ప్రభుత్వం లెక్క ప్రకారం ఊళ్ళో లీటరుకు 7 కిలోమీటర్లు, హైవే మీద 11. కామరో ఎస్ఎస్ దానికంటే ఇంకొంచెం తక్కువ. జనగామ నుంచి వరంగల్‌కు పోయిరావడానికి నీ ఆటో తాగే గ్యాసు డబ్బులు చూసుకుని హాయిగా నవ్వుకో.

*

ప్రశ్న: సార్, నాది చిన్న గ్యారేజీ. యూట్యూబ్‌లో చూస్తే కామరో ఇంజను పుష్‌రాడ్ మోడల్, ఒకే కామ్‌షాఫ్ట్. ఫోర్డ్ 5.0కు నాలుగు కామ్‌షాఫ్టులు. అంత పెద్ద కంపెనీ పాత పద్ధతి ఎందుకు వాడింది? రెండింట్లో ఏది మేలు?
— మెకానిక్, ములుగు రోడ్డు, వరంగల్

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో మంచి ప్రశ్న నీది. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజనుకు ట్యాపెట్లు సెట్ చేసినవాళ్ళు మీ వీధిలో ఇంకా ఉంటారు, వాళ్ళను అడుగు, పుష్‌రాడ్ అంటే ఏంటో చేత్తో చూపిస్తారు. వాల్వులను తెరిపించే కామ్‌షాఫ్ట్ కింద బ్లాకులో ఉంటుంది, అక్కణ్ణుంచి పొడవాటి కడ్డీలు పైకి వెళ్ళి రాకర్లను నెడతాయి, అవి వాల్వులను తెరుస్తాయి. కామరో ఎస్ఎస్‌లో ఉన్న ఎల్ఎస్3 కూడా మూలంలో అదే పద్ధతి. 6.2 లీటర్లు, సిలిండరుకు రెండు వాల్వులు. కాకపోతే హైడ్రాలిక్ లిఫ్టర్లు కాబట్టి ఫీలర్ గేజీ పట్టుకుని కూర్చునే పని లేదు.

ఫోర్డ్ వాళ్ళ కయోటీ ఇంజనుకు ఒక్కో హెడ్డు మీద రెండేసి కామ్‌షాఫ్టులు, సిలిండరుకు నాలుగు వాల్వులు, మొత్తం 32. గాలి బాగా పీలుస్తుంది, పైదాకా తిరుగుతుంది. అందుకే 5.0 లీటర్ల నుంచే 6,500 ఆర్‌పీఎం దగ్గర 412 పిండగలిగారు. ఎల్ఎస్3 తన 426ను 5,900 దగ్గరే ఇచ్చేస్తుంది. టార్క్ (తిప్పే బలం) కూడా దానికే ఎక్కువ, కామరోకు 569 న్యూటన్ మీటర్లు, జీటీకి 529. అంటే కామరోలో గేరు తగ్గించకుండా తొక్కినా లాగుతుంది. జీటీలో కిందికి ఒక గేరు వేసి ఆర్‌పీఎం సూదిని పైకి తోలాలి. నాకు ఆ తోలడమే ఇష్టం.

పాత పద్ధతి అని చులకన చేయకు. పైన కామ్‌షాఫ్టులు లేకపోవడంతో ఎల్ఎస్3 హెడ్లు చిన్నవి, ఇంజను మొత్తం పొట్టిగా, వెడల్పు తక్కువగా కూర్చుంటుంది. చేత్తో అందే చోట్లు ఎక్కువ. కయోటీ 5.0 అన్నమాటే కానీ, ఆ హెడ్లతో వెడల్పులో 6.2ను మించిపోతుంది. టైమింగ్ చైన్లూ ఎక్కువే. అమెరికాలో పాత బండిలోకి వేరే ఇంజను ఎక్కించాలనుకునేవాడు ముందుగా ఎల్ఎస్ కోసమే వెతుకుతాడు, కారణం ఇదే. చాలెంజర్‌లోని హెమీ అనే ఇంజను కూడా పుష్‌రాడే. దాంట్లో సిలిండరుకు రెండు ప్లగ్గులు, అంటే ఎనిమిది సిలిండర్లకు పదహారు. ట్యూనింగుకు వచ్చిన కస్టమరుకు ప్లగ్గుల బిల్లు చూపించేటప్పుడు కుర్చీ వేసి చూపించాలి.

*

ప్రశ్న: పాత పత్రికల్లో చదివాను. షెవ్రొలే వాళ్ళ 1970 షెవెల్ ఎస్ఎస్ 454కు 450 హార్స్‌పవర్ అట. ఐదేళ్ళకే అదే కంపెనీ 1975 కార్వెట్ మామూలు ఇంజనుకు 165 అట. ఇంజనీర్లకు ఒక్కసారిగా చేతకాకుండా పోయిందా?
— సింగరేణి విశ్రాంత ఫోర్‌మన్, మంచిర్యాల

జవాబు: సగం నిజంగా పడిపోయింది, సగం కొలత మారింది. 1971 దాకా అక్కడి కంపెనీలు ఇంజనును స్టాండు మీద పెట్టి, ఎయిర్ ఫిల్టర్, ఆల్టర్నేటర్, సైలెన్సర్ గొట్టాలు ఏవీ తగిలించకుండా కొలిచేవి. ఎనుమాముల మార్కెట్లో తేమ చూడకుండా పత్తి తూకం వేస్తే ఎంత నిజమో, అది అంత నిజం. 1972 నుంచి కారులో ఎలా ఉంటుందో అలా అన్నీ బిగించి కొలవడం మొదలుపెట్టారు. కార్వెట్ మామూలు 350 క్యూబిక్ అంగుళాల ఇంజనుకు 1971లో 270 అని రాసినవాళ్ళు 1972లో 200 అని రాశారు. ఆ ఒక్క ఏడాదిలో పోయింది చాలావరకు తూకంలో మోసమే.

అక్కణ్ణుంచి 165కు పడిందే, అది అసలు దెబ్బ. 1970 క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది, సీసం లేని పెట్రోలుకు తగ్గట్టు కంప్రెషన్ తగ్గించారు, బీమా కంపెనీలు పెద్ద ఇంజన్ల మీద ప్రీమియం వడ్డించాయి, 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. 1974 మస్టాంగ్‌లో వీ8 ఇంజనే లేదు! నాలుగు సిలిండర్లదో, ఆరు సిలిండర్ల వీ6 ఇంజనుదో తీసుకోవాల్సిందే. ఫోర్‌మన్ గారూ, మీకు వేరే చెప్పాలా, మోటారు మీద అచ్చేసిన అంకె కంటే షాఫ్ట్ చివర వచ్చేదే లెక్క.

*

ప్రశ్న: కరీంనగర్‌కు ఒక చాలెంజర్ హెల్‌క్యాట్ తెప్పించుకోవాలని ఉంది. అక్కడ 60 వేల డాలర్లకు 707 హార్స్‌పవర్ ఇచ్చారని చదివాను. పన్నులు కట్టడానికి సిద్ధం. కుదరకపోతే మస్టాంగ్ అయినా సరే.
— గ్రానైట్ వ్యాపారి, కరీంనగర్

జవాబు: హెల్‌క్యాట్ ఆశ వదులుకోండన్నా. డబ్బు సమస్య కాదు, స్టీరింగ్ సమస్య. చాలెంజర్‌ను కంపెనీ కుడివైపు స్టీరింగ్‌తో ఎప్పుడూ తయారు చేయలేదు. మన దేశంలోకి దిగుమతికి కుడివైపు స్టీరింగ్ ఉండాలి, వాడిన కారైతే మూడేళ్ళ లోపుదే కావాలి. కామరోదీ అదే కథ. ఏజెంటెవరైనా ‘నేను చూసుకుంటా’ అంటే అతని ఆఫీసులో ఛాయ్ తాగి వచ్చేయండి, అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.

మస్టాంగ్ కుడివైపు స్టీరింగ్‌తో ఫ్యాక్టరీ నుంచి రావడం 2015 తరంతోనే మొదలైంది. 2016 జులైలో ఫోర్డ్ దాన్ని ఇక్కడ అమ్మకానికి పెట్టింది. జీటీ ఒక్కటే, 5.0 లీటర్లు, ఆటోమేటిక్, ఢిల్లీ షోరూం ధర 65 లక్షలు. తర్వాత 75 లక్షల దగ్గరకు వెళ్ళింది. అమెరికాలో అదే కారు అప్పుడు 33 వేల డాలర్ల లోపల మొదలయ్యేది, మన డబ్బుల్లో 22 లక్షలు. 3,000 సీసీ దాటిన పెట్రోలు ఇంజనుతో పూర్తిగా తయారై దిగే కారుకు అప్పట్లో కస్టమ్స్ సుంకమే 100 శాతం. దాని నెత్తిన మిగతా పన్నులు, ఆపైన జీవితకాల పన్ను, బీమా. పైగా ఇక్కడికొచ్చిన దానికి 435 కాదు, 396 గుర్రాలే. కాబట్టి ఒక్కో గుర్రం అక్కడ ఐదు వేల రూపాయలు పడితే ఇక్కడ పదహారు వేల పైమాట.

తలుపులు బిగించే కార్మికుడి కారు ముంబై రేవు దాటగానే క్వారీ యజమాని కారైపోయింది. ఆ ధర దగ్గర దాని పోటీ కామరో కాదు, జర్మనీ కార్లు. లోపలి ప్లాస్టిక్, సర్వీసు సెంటర్లు, మళ్ళీ అమ్మితే వచ్చే ధర, ఏది చూసినా వాటి ముందు మస్టాంగ్ ఓడిపోతుంది. గెలిచేది చప్పుడు ఒక్కదాంట్లోనే. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఆ ఎనిమిది సిలిండర్ల గుర్రు విని మీ వీధి కుక్కలు లేస్తాయి. మీకు కావాల్సింది అదే అయితే, అప్పట్లో ఇక్కడ అమ్మిన మస్టాంగ్‌లలో మంచిది ఒకటి వెతికి పట్టండి. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది కాబట్టి సర్వీసు రికార్డు, అడుగున గీతలు, టైర్ల తయారీ తేదీ చూసుకున్నాకే బేరం మొదలుపెట్టండి. రాజీవ్ రహదారి మీద బాగానే పోతుంది. ఊళ్ళ దగ్గర స్పీడ్ బ్రేకర్లు మాత్రం ఏటవాలుగా, నెమ్మదిగా ఎక్కించాలి. మీ క్వారీ దారిలోకి అస్సలు వద్దు.

*

ప్రశ్న: మా కోడలు మిషిగన్‌లో ఉంటుంది. కరెంటు కారు కొన్నది, మస్టాంగ్ మాక్-ఈ అట. ‘అది మస్టాంగే కాదు’ అని మావాడు ఆటపట్టిస్తున్నాడట. ఎవరి మాట నిజం?
— గృహిణి, వడ్డేపల్లి

జవాబు: అక్కా, ముందున్న గుర్రం బొమ్మ మస్టాంగ్‌దే, ఒళ్ళు మాత్రం నాలుగు తలుపుల ఎస్‌యూవీది. 2019 నవంబరులో చూపించినప్పుడు నా పాత సహోద్యోగులు కొందరు దాదాపు సంతాప సభ పెట్టారు. కానీ 2024లో అమెరికాలో మాక్-ఈలు 51 వేల పైన అమ్ముడుపోతే అసలు మస్టాంగ్‌లు 44 వేలే పోయాయి. చప్పుడు చేసే కారు ఇంకా బతికుందంటే ఈ చప్పుడు లేనిది తెచ్చే డబ్బు కూడా ఒక కారణమని నా అనుమానం. మీవాడితో ఆ మాట అనమనండి కోడల్ని. ముందు బానెట్ కింద ఇంజను లేదు కాబట్టి అక్కడ సామాను పెట్టుకునే తొట్టి ఉంటుంది, నీళ్ళు పోయే రంధ్రం కూడా ఉంటుంది. కూరగాయలు, చేపలు తెచ్చుకోవడానికి బాగా పనికొస్తుంది.